గాల్లో బిగించిన బోల్టులు

మా మరిది తన జీవితంలో ఒకే ఒక్క తగాదా గెలిచాడు. అది నేను కళ్లారా చూశాను. ఓడిపోయినా బాగుండేది. ఆ గెలుపే అతన్ని పాడుచేసింది.

ఆ రోజు నన్ను పళ్ల డాక్టరు దగ్గర నుంచి తన చిన్న కారులో ఇంటికి తీసుకొస్తున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. ఎవరో లోపల ఇరుక్కుపోయి తలుపు తీయమని కొడుతున్నట్టు. సందు మలుపులో ఉన్న రిపేరు షెడ్డు దగ్గర ఆపాడు. అక్కడి మెకానిక్కు లావుపాటి మనిషి. స్టూలు మీద నుంచి లేవను కూడా లేవకుండా తీర్పు చెప్పేశాడు.

"స్టీరింగు బాక్సు పోయింది సార్. మొత్తం మార్చాలి."

"కిందికి వంగి చూడకుండానే పోయిందా?"

"చూడక్కర్లేదు సార్. ముప్పై ఏళ్లుగా వింటున్న చెవి ఇది."

"అయితే నీ చెవి పాతబడింది. అది స్టీరింగు కాదు, లింకు రాడ్డు."

మెకానిక్కు అప్పుడు లేచాడు. మా మరిదిని ఇస్త్రీ చొక్కా నుంచి తోలు చెప్పుల దాకా చూశాడు. "సారు ఏం చేస్తుంటారో?"

"కళ్లజోళ్ల షాపులో పని."

షెడ్డంతా ఘొల్లుమంది. "అదీ సంగతి. మీకు కనబడినట్టు మాకు కనబడదులెండి సార్," అన్నాడు మెకానిక్కు.

మా మరిది మొహం కందగడ్డ అయింది. వాళ్ల బల్ల మీది పానా అందుకుని, ఆ ఇస్త్రీ చొక్కాతోనే నూనె మరకల నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. కాసేపటికి వేలెడు లావు ఇనుప కడ్డీ ఒకటి పట్టుకుని బయటికొచ్చాడు. దాని కొసని రెండు వేళ్లతో ఊపితే మెడ వదులైన బొమ్మలా లొడలొడా ఊగింది. తాళాలు మెకానిక్కు చేతిలో పెట్టి, "ఇది లేకుండా తోలు. చప్పుడొస్తే నీ స్టీరింగు బాక్సు మారుస్తాను," అన్నాడు.

అతను తోలాడు. వెనక సీట్లో నేనున్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. బుగ్గలో దూది పెట్టుకుని, నోరు తెరిచే వీల్లేక, వీధిలోని గుంటలన్నీ తిరిగొచ్చాను. చప్పుడు లేదు. మెకానిక్కు తాళాలు తిరిగిచ్చి, "సరే సార్. ఇకనుంచి మీ బండి మీరే చూసుకోండి," అని స్టూలు మీద కూలబడ్డాడు.

అది అలిగిన మనిషి మాట. మా మరిది దాన్ని బిరుదు అనుకున్నాడు. ఆ రోజు నుంచి అతని బండి మీద ఇంకో మనిషి చెయ్యి పడలేదు.

అతను మా ఆయన తమ్ముడు. పై వాటాలో నేను, కింది వాటాలో అతనూ, నా తోటికోడలూ. బండి పెట్టే చోటు సరిగ్గా నా వంటింటి కిటికీ కింద. కాబట్టి ఎవరో చెప్తే విన్నది కాదు ఇదంతా. నేను చదివింది నాలుగో తరగతి. కానీ కిటికీలోంచి చూడ్డానికి ఆ చదువు చాలు.

షాపులో అతను మంచి పనివాడు. అది కాదంటే నా కళ్లు పోతాయి, ఈ కళ్లకి జోడు పెట్టింది అతనే. కళ్లజోడు కాళ్లని వేడి ఇసుకలో పెట్టి మెత్తబరిచి, కొంచెం వంచి, మన ముక్కు మీద పెట్టి, దూరంగా జరిగి చూసేవాడు. మళ్లీ తీసి, వెంట్రుకవాసి వంచి, మళ్లీ పెట్టేవాడు. ఎవరైనా తొందరపడి, "జోడు ఇక్కడ పెట్టి వెళ్తాను, సరిచేసి ఉంచండి," అంటే ఒప్పుకునేవాడు కాదు. "మనిషి లేకుండా జోడు సరిచేసేవాడు పనివాడు కాదండీ. బల్ల మీద చక్కగా ఉన్నది ముక్కు మీద వంకరగా ఉంటుంది," అని పాఠం చెప్పేవాడు. వినీ వినీ నాకూ నోటికొచ్చేసింది.

అదంతా షాపు వరకే. ఇంటికొచ్చి లుంగీ కట్టుకుని బండి ముందు నిలబడితే ఆ బుద్ధి అంతా ఎక్కడికి పోయేదో. ఇంజనాయిలు తనే మార్చాడు, అది నేను ఆరేసిన దుప్పటి కిందికి పారింది. బ్రేకులు తనే సరిచేశాడు, ఆ తర్వాత బండి ఆగమంటే ముందు ఒక అరుపు అరిచి ఆగేది. "కొత్తవి కదా వదినా, అలవాటు పడాలి," అన్నాడు, అదేదో కొత్త కోడలైనట్టు. చేతులు కడుక్కోవడానికి నా సబ్బు. తుడుచుకోవడానికి నా తోటికోడలి పాత చీర. ఎప్పుడు చూసినా జాకీ మీద బండి, బండి కింద అతను. మా ఇంటికి వచ్చేవాళ్లు అతని మొహం మర్చిపోయి పాదాలని గుర్తుపట్టడం మొదలుపెట్టారు. వీధిలో పేరు కూడా మారిపోయింది. జాకీ బాబాయి. ఆ పేరు వింటే సిగ్గుపడాల్సింది పోయి మీసం దువ్వుకునేవాడు.

షాపు మానేసి ఇంట్లో కూర్చున్నాక పిచ్చి ముదిరింది. ఒకనాడు పెద్ద అట్టపెట్టె దిగింది. అందులో ఎర్ర రంగు వేసిన పొట్టి స్ప్రింగులు, బిరుసు షాకబ్జార్బర్లు.

"ఉన్న స్ప్రింగులు విరిగాయా?" అని కిటికీలోంచి అడిగాను.

"విరగలేదు వదినా. ఇవి వేస్తే బండి నేలకి అతుక్కుని పోతుంది. మలుపు తిరిగేటప్పుడు ఒరగదు."

"నువ్వు పోయేది కూరగాయల మార్కెట్టుకి. మలుపులో ఒరిగితే వంకాయలకి కళ్లు తిరుగుతాయా?"

"నీకు చెప్పినా అర్థం కాదులే."

"అర్థం కాకే కదయ్యా అడిగింది. అర్థమైతే అడిగేదాన్నా?"

బండిని స్టాండ్ల మీదికి ఎత్తాడు. నాలుగు చక్రాల చోటా ఇరుసులు గాల్లో వేలాడుతున్నాయి. పాతవి పీకి కొత్తవి పెట్టి, పానాకి పొడుగాటి పైపు తొడిగి, ఒక్కో బోల్టునీ "హుఁ, ఇంకో పట్టు" అనుకుంటూ బిగించాడు. మెడ నరాలు పైకి లేచేదాకా బిగించాడు. ఆ తర్వాతే బండి కిందికి దింపాడు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

దిగాక ఆ బండి తిట్లు తిన్న కుక్కలా పొట్ట నేలకి ఆనించి నిలబడింది. ఇతను నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసుకున్నాడు. పాత స్ప్రింగులు పాత ఇనుముకి వేస్తానంటే నేను అడ్డుపడి తీసుకుని, మేడ మీద నా పూలకుండీల కింద పెట్టుకున్నాను. అతని కొనుగోళ్లలో ఎవరికైనా పనికొచ్చినవి అవే.

ఇక నా తోటికోడలి సంగతి. చిన్న మనిషి, చిన్న గొంతు. ఆ బండిలో ముందు సీటు ఆవిడది కాదు, పనిముట్ల పెట్టెది. ఆవిడ వెనక కూర్చునేది, నెత్తిమీది పిడి రెండు చేతులా పట్టుకుని. గుంట వచ్చిన ప్రతిసారీ ఆవిడ పైకెగిరి కింద పడేది. ఇతను అద్దంలోంచి చూసి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"బాగుందండీ."

ఆయన ఏం చేసినా ఆవిడ మాట అదే. అరిచే బ్రేకులూ బాగున్నాయి, నూనె వాసన కొట్టే చీరా బాగుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇతను ఊరేగాడు. ఆ మాటతోనే ఆవిడ నడుం విరగ్గొట్టుకుంది.

పిండిమర దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాని మీద వేసిన తెల్ల గీతలు ఏనాడో చెరిగిపోయాయి. ఆ సాయంత్రం బట్టల షాపు నుంచి వస్తూ ఇతను దాన్ని చూసుకోలేదు. బండి ఎగిరి పడింది. ఆవిడ "అమ్మా" అంది, ఒక్కసారే. ఇంటి ముందు ఆపి తలుపు తీస్తే దిగలేకపోయింది. మేమంతా పట్టుకుని దింపుతుంటే పళ్లు బిగించింది గానీ అరవలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఫొటో తీసి దీపం ముందు పెట్టి చూపించింది. నడుం దగ్గర వెన్నుపూస ఒకటి, కాలి కింద పడ్డ అగ్గిపెట్టెలా అణిగిపోయింది.

"ఎక్కడి నుంచి పడ్డారమ్మా?"

"పడలేదండీ. కారులో కూర్చున్నాను."

డాక్టరమ్మ మా మరిది వైపు చూసింది. మా మరిది గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నేను మా మరిది వైపు చూశాను. అతనికి తగిన తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. రోగులున్న చోటు కదా అని మింగేశాను. దారిలో అన్నీ అప్పజెప్పాను.

ఆవిడ వారాల తరబడి నడుముకి బెల్టు కట్టుకుని ఆస్పత్రి మంచం మీదే ఉంది. ఇతను రోజూ ఫ్లాస్కు పట్టుకుని బస్సులో వెళ్లొచ్చేవాడు. బండి మీద దుమ్ము పేరుకుంది. దాని మీద ఎవరో వేలితో 'కడగండి' అని రాశారు, అదీ తుడవలేదు.

ఇంకో రెండు వారాల్లో ఇంటికి పంపిస్తామని డాక్టరమ్మ చెప్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఇతను మంచం పక్కన నిలబడి, "పాత స్ప్రింగులు వేసేస్తాను. మెల్లిగా తీసుకెళ్తాను," అన్నాడు.

నా తోటికోడలు పైకప్పు వైపు చూస్తూ చెప్పింది. ఆవిడ నోట అంత పొడుగు మాట నేనెప్పుడూ వినలేదు. "మీ బండి నేను ఎక్కను. ఇంటికి అంబులెన్సులో వస్తాను. తర్వాత చూపించుకోడానికి ఆటోలో వస్తాను. మీరు ఏ స్ప్రింగులు వేసినా, ఎలా ఉందని నన్ను అడుగుతారు. అడిగితే నేను బాగుందనే అంటాను, నా నోటికి అది అలవాటైపోయింది. కాబట్టి నన్ను అడగొద్దు. అక్కని ఎక్కించండి, నేను కూర్చునే చోట. అక్క ఫర్వాలేదంటే ఎక్కుతాను. అనకపోతే ఈ జన్మకి ఇక ఎక్కను."

మా మరిది నా వైపు తిరిగాడు. ఫ్లాస్కు మూత తిప్పాడు, మళ్లీ తిప్పాడు. "వదిన నోట ఫర్వాలేదు అనే మాటా?" అన్నాడు చివరికి. "అంటే ఎక్కనని చెప్పడమే."

"అర్థమైందిగా," అన్నాను.

ఇంటికి రాగానే మేడెక్కి వచ్చాడు. "వదినా, ఆ కుండీలు కాస్త దింపుతావా?"

"నా మొక్కలు నేల మీద పెట్టుకోవాలా నీ కోసం?"

"నా కోసం కాదు."

దింపాను. కుండీల నీళ్లు కారి స్ప్రింగులు తుప్పు పట్టాయి. ఇనుప బ్రష్షుతో గీకి, షాపులో వాడే భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కో చుట్టూ పగుళ్ల కోసం చూశాడు. తుప్పు పైపైనే ఉంది. రంగు వేసి ఆరబెట్టి, మామూలు షాకబ్జార్బర్లు కొనుక్కొచ్చి, మళ్లీ బండి ఎత్తాడు. మళ్లీ అదే పైపు, అదే "ఇంకో పట్టు". సాయంత్రానికి దింపి, ఒక్కడే పిండిమర దాకా పోయి వచ్చాడు. దిగినప్పుడు మొహం ఉతికి పిండినట్టుంది.

"ఏమైంది?"

"వెనక ఇంకా కొడుతోంది వదినా. బిగదీసుకుని ఉంది, కదలనంటోంది."

"పాతవేగా పెట్టావు?"

"పాతవే. అదే తెలియడం లేదు."

"తెలిసినవాడి దగ్గరికి పోరాదూ? సందు మలుపులోనే ఉన్నాడు."

"ఏ మొహం పెట్టుకుని పోను?"

"నీకున్నది ఒక్కటే కదయ్యా. అదే పెట్టుకుని పో."

పోలేదు. మర్నాడు మళ్లీ కిందికి దూరాడు. చాలాసేపు పానా చప్పుడు లేదు, మూలుగు లేదు. పాదాలు మాత్రం కనబడుతున్నాయి, కదలడం లేదు. బండి మీద పడిందేమోనని కిందికి పరిగెత్తాను.

"ఏమయ్యా, బతికున్నావా?"

"ఉన్నాను. ఇలా చూడు."

ఈ వయసులో నేల మీద కూర్చుని బండి కిందికి తొంగిచూడాల్సి వచ్చింది. వెనక ఇరుసుని పట్టుకుని రెండు ఇనుప చేతులున్నాయి. వాటి కొసల్లో ఉంగరంలాంటి రబ్బరు బుష్షులు, వాటి నడుమ నుంచి బోల్టులు. ఆ రబ్బరు పిండిన గుడ్డలా మెలిపడి, అంచు చిరిగి ఉంది.

ఇవతలికొచ్చి కూర్చుని, మోకాళ్ల మీద నల్లటి చేతులు పెట్టుకుని చెప్పాడు. "బండి గాల్లో ఉన్నప్పుడు ఇరుసు కిందికి వేలాడుతుంది. నేను అప్పుడే బిగించేశాను. రబ్బరు ఆ వంపులో అతుక్కుపోయింది. దింపగానే బరువు పడి ఇరుసు పైకొస్తే, రబ్బరు మెలిపడింది. చక్రాన్ని కదలనివ్వకుండా అది గుంజిపెట్టి ఉంచుతోంది. వదులుగా పెట్టి, బండి దింపి, బరువు పడ్డాక ఆఖర్న బిగించాలి. అప్పుడూ గాల్లోనే బిగించాను. ఇప్పుడూ గాల్లోనే."

నాకు నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. "అంటే మనిషి లేకుండా జోడు సరిచేశావన్నమాట."

మామూలుగా అయితే ఏదో ఒకటి అనేవాడు. ఈసారి చేతులు తుడుచుకోవడానికి పక్కనున్న చీర ముక్క అందుకుని, అది ఎవరిదో చూసి, తుడుచుకోకుండా మడత పెట్టాడు.

"జన్మంతా అందరికీ చెప్పాను వదినా," అన్నాడు. "ఇక్కడ గుర్తు రాలేదు."

జాలిపడమంటారా? నేను పడలేదు. అణిగింది అతని వెన్నుపూస కాదు.

కొత్త బుష్షులు తెచ్చుకున్నాడు. పాతవాటిని తీసి కొత్తవి ఎక్కించాలంటే గట్టిగా నొక్కే యంత్రం కావాలి. మా చుట్టుపక్కల అది ఉన్నది ఒక్క చోటే. ఆ రెండు ఇనుప చేతులూ కూరగాయల సంచిలో వేసుకుని బయల్దేరాడు. ఆ సంబరం చూడకుండా ఉండలేక నేనూ చెప్పులేసుకున్నాను.

మెకానిక్కు అదే స్టూలు మీద ఉన్నాడు. ఇంకొంచెం లావయ్యాడు. సంచిలోంచి ఒకటి తీసి, రబ్బరు చూసి, మా మరిదిని చూసి, నెమ్మదిగా నవ్వాడు.

"గాల్లో బిగించారా సార్?"

"అవును."

"కళ్లజోళ్ల సారే కదా మీరు? ఆ రోజు భలే గెలిచారు. కానివ్వండి, ఇవాళ కూడా గెలవండి."

షెడ్డంతా ఇటు తిరిగింది. ఏదో ఒకటి అంటాడనే చూశాను. అంటే ఈసారి నేనే ఇంటికి లాక్కుపోదామనుకున్నాను.

"గెలవడానికి రాలేదు," అన్నాడు మా మరిది. "బుష్షులు నొక్కించుకోవడానికి వచ్చాను. నీకు కుదిరినప్పుడే చెయ్యి. ఇక్కడే నిలబడతాను."

నిలబడ్డాడు. మెకానిక్కు కావాలనే టీ తాగాడు, ఫోను మాట్లాడాడు, ఇంకెవరిదో టైరు చూశాడు. ఇతను గోడ పక్కన ఖాళీ సంచి పట్టుకుని అలాగే ఉన్నాడు. చివరికి ఆ లావుపాటాయన లేచి నొక్కిచ్చాడు. ఏమాటకామాటే, పని శుభ్రంగా చేశాడు.

ఇంటికొచ్చాక బోల్టులన్నీ వదులుగా పెట్టి, బండిని దింపి, నాలుగు చక్రాలనీ లావుపాటి చెక్కదిమ్మల మీదికి ఎక్కించాడు. ఇప్పుడు బరువంతా చక్రాల మీదే. కింద మనిషి దూరేంత చోటు ఉంది. అది చూసి, ఇంక బిగించేస్తాడనుకుని నేను నా పనిలో పడ్డాను. తలుపు చప్పుడైంది. చేతులు కడుక్కుని వచ్చాడు, తన సబ్బుతోనే. చొక్కా కూడా మార్చాడు. ముందు సీట్లో ఉండాల్సిన పనిముట్ల పెట్టెని నా గుమ్మం పక్కన పెట్టాడు.

"వదినా, నువ్వొక సాయం చెయ్యాలి."

వస్తుందని నాకు తెలుసు. "ఫర్వాలేదని చెప్పమంటావు మీ ఆవిడకి. అంతేగా? నేను నీ పెళ్లాన్ని కాదయ్యా, నా నోట ఊరికే రాదు ఆ మాట."

"వద్దు. అది చెప్పమనడం లేదు."

"మరి?"

"కిందికి వచ్చి వెనక సీట్లో కూర్చో, ఆవిడ కూర్చునే వైపు. మీ ఇద్దరిదీ ఇంచుమించు ఒకే బరువు. నువ్వు కూర్చున్నాక బిగిస్తాను. బిగించాక దిగిపోవద్దు. పిండిమర మీదుగా ఆస్పత్రి దాకా తోలతాను, మళ్లీ వెనక్కి తెస్తాను. నేను ఎలా ఉందని అడగను, నువ్వు బాగుందని చెప్పకు. నీ నడుముకి ఎక్కడ తగిలితే అక్కడ నన్ను తిట్టు. రోడ్డు మీద జనం వింటారని చూడకు, గట్టిగా తిట్టు. తిట్టిన ప్రతిచోటా గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చి మళ్లీ విప్పుతాను. రేపు మళ్లీ వెళ్దాం, ఎల్లుండి మళ్లీ వెళ్దాం. దారి పొడుగునా నువ్వు నోరెత్తని రోజు వస్తుంది చూడు, ఆ రోజు మాత్రం ఆస్పత్రి ముందు దిగి, పైకి వెళ్లి ఆవిడని నువ్వే పిలుచుకురా."